నూనె డబ్బా: చక్రం మూలిగితే

పోయిన నెల కుట్టుమిషనుకి ఏ నూనె వెయ్యాలో రాశాను. కొబ్బరి నూనె వెయ్యొద్దన్నందుకు ఇద్దరు ముగ్గురు ఫోను చేసి మరీ దెబ్బలాడారు. అది కొన్నాళ్ళకి జిగురు కట్టేస్తుందండి, వెయ్యొద్దనే ఇప్పటికీ చెబుతున్నాను.

ఈ నెల ట్రాక్టరు, ట్రక్కు చక్రాల్లో ఉండే బేరింగు గురించి రాస్తాను. సోలాపూరులోనో భివండీలోనో సూరతులోనో గదుల్లో ఉండేవాళ్ళకి ట్రాక్టరుతో ఏం పని అనుకోవచ్చు మీరు. కానీ ఊళ్ళో మన అన్నదమ్ములకి ఉంది కదా. పండక్కి వచ్చినప్పుడు మన పిల్లలు ఎగబడి ఎక్కేది ఆ ట్రక్కే కదా. అందుకని కొంచెం ఓపిగ్గా చదవండి.

పోయిన దాళ్వా నాట్లప్పటి మాట. మా అక్క కొడుక్కి అప్పు చేసి కొన్న ట్రాక్టరు ఒకటుంది. సార్వాకీ దాళ్వాకీ దమ్ము చేస్తాడు, మధ్యలో రొయ్యల చెరువుల గట్లకి మట్టి తోలతాడు, ఏ పనీ లేనప్పుడు ఇటుకలు. ఆ రోజు పొద్దున్నే మా ఇంటి ముందు ఆపి, వాళ్ళమ్మ పంపిన చేపల పులుసు గిన్నె ఇచ్చి, మళ్ళీ బండెక్కాడు. వెనక ట్రక్కులో నాట్లకి వెళ్ళే ఆడవాళ్ళు పదకొండు మంది. బండి కదిలింది. ట్రక్కు ఎడమ చక్రంలోంచి ఓ మూలుగు వినిపించింది. గర్రు గర్రుమని, చక్రం ఒక్కో చుట్టుకీ ఒకసారి బలంగా, ఒకసారి సన్నగా.

నేను విన్నాను. విని ఊరుకున్నాను.

ఎందుకు ఊరుకున్నానంటే, అంతకు నెల ముందు ముందు చక్రం ఊగుతోందిరా అని చెబితే, వాడు స్నేహితుల ముందు నవ్వేసి, "మావయ్యా, ఇది నీ నూలు మిల్లు కాదు" అన్నాడు. వాళ్ళంతా కూడా నవ్వారు. అది మనసులో పెట్టుకున్నాను. అరవై దాటినవాడికి పౌరుషం ఎక్కువ. పులుసు గిన్నె లోపల పెట్టుకుని పేపరు చదువుకున్నాను.

సాయంత్రం కోరంగి వైపు నుంచి వస్తూ, పుంత దారిలోంచి రోడ్డు ఎక్కేచోట ఆ ఎడమ చక్రం ఊడి వచ్చేసింది. ట్రక్కు ఆ పక్కకి ఒరిగి మట్టిగట్టుకి ఆనుకుని ఆగింది. గట్టు లేకపోతే కాలువలో పడేది. అందరికీ దెబ్బలు తగిలాయి గానీ, మా వీధి చివర ఉండే అమ్మాయికి మాత్రం భుజం దగ్గర ఎముక విరిగింది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. రెండు నెలలు చెయ్యి మెడకి కట్టుకుని గడప మీద కూర్చుంది. నాట్ల కూలి పోయింది, కలుపు కూలీ పోయింది. మావాడు ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నాడు, ఇంటికి బియ్యం వేశాడు. కూలి లెక్క మొత్తం ఇవ్వలేకపోయాడు, ట్రాక్టరు వాయిదా ఉందిగా.

ట్రక్కులో మనుషుల్ని ఎక్కించకూడదని రూలుంది. ఆ సంగతి నాకూ తెలుసు, వాడికీ తెలుసు, ఎక్కిన పదకొండు మందికీ తెలుసు. ఆటోలకి డబ్బులు పెడితే కూలిలో మిగిలేది ఎంత అని ఎక్కుతారు. రూలు సంగతి వాళ్ళతో నేను వాదించలేను. చక్రం సంగతి మాత్రం నాకు తెలుసు.

నాకు ఎలా తెలుసో చెప్పాలి. పుదుచ్చేరిలో ఓ స్పిన్నింగు మిల్లులో ముప్ఫై ఏళ్ళకి పైగా చేశాను. మాది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమే గానీ ఆ ఊరు ఇక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు. అరవం రాకుండా వెళ్ళాను, అరవంలో బూతులన్నీ నేర్చుకుని వచ్చాను. నా పని ఆయిలరు. చేతిలో నూనె డబ్బా, గ్రీసు గన్ను. రింగు ఫ్రేముల కింద దూరి వెళ్ళేవాణ్ణి. మిషన్లు ఆడుతుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. కానీ మా హెడ్ ఫిట్టరు ఓ కర్ర పుల్ల నా చేతిలో పెట్టి, ఒక కొస బేరింగు గూటి మీద ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకోమన్నాడు. అంత హోరులోనూ ఆ ఒక్క బేరింగు మాట్లాడేది వినపడుతుంది. మంచి బేరింగు సన్నగా, ఒకే తీరుగా ఊదినట్టు ఉంటుంది. చెడిపోయేది గరగరమంటుంది. దాన్ని రాసుకుని, ఆదివారం మిషను ఆపినప్పుడు మార్చేవాళ్ళం. మార్చకపోతే ఏమవుతుందో కార్డింగులో ఒకసారి చూశాను. వేడెక్కిన బేరింగు మీద దూది పొట్టు పడి అంటుకుంది. దూది అంటుకుంటే ఎలా ఉంటుందో మిల్లులో చేసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

అప్పట్లో బేరింగు కంపెనీ ఇంజనీరు ఒకాయన మాకు క్లాసు చెప్పడానికి వచ్చాడు. ఆయన చెప్పిన కథ నాకు బాగా గుర్తుండిపోయింది. స్వీడన్ దేశంలో గోథెన్‌బర్గ్ అనే ఊళ్ళో ఓ బట్టల మిల్లు ఉండేదట. బంకమట్టి నేల మీద కట్టారట. నేల కుంగినప్పుడల్లా మిషన్లని తిప్పే పొడుగాటి షాఫ్టులు వంకర తిరిగి, బేరింగులు ఊరికే పాడైపోయేవట. ఆ మిల్లులో మరమ్మతులు చూసుకునే ఇంజనీరు స్వెన్ వింక్విస్ట్ విసిగిపోయి, షాఫ్టు కొంచెం వంగినా తనంతట తాను సర్దుకునే గుండ్ల బేరింగు తయారు చేశాడట. అది 1907. ఎస్‌కెఎఫ్ కంపెనీ ఆ ఏడే అలా పుట్టింది. అంటే చూడండి, ఇవాళ ఎక్కడ చూసినా కనపడే ఆ బేరింగు మన మిల్లుల్లోంచి వచ్చిందే. మావాడు "నూలు మిల్లు కాదు" అన్నప్పుడు ఈ కథ చెప్పి ఉండాల్సింది. తరవాత చెప్పాను లెండి.

ట్రాక్టరు ముందు చక్రాల్లో, ట్రక్కు చక్రాల్లో ఉండేవి గుండ్లవి కావు. ఒక కొస సన్నంగా, ఒక కొస లావుగా ఉండే రోలర్లవి. టేపరు బేరింగు అంటారు. గుర్రపు బండ్లు చేసే హెన్రీ టిమ్‌కెన్ అనే ఆయన 1898లో దానికి పేటెంటు తీసుకున్నాడు. బండి మలుపు తిరిగేటప్పుడు బరువు పక్కకి కూడా తోస్తుంది, ఆ తోపుని గుండ్లు తట్టుకోవు, ఈ వాలు రోలర్లు తట్టుకుంటాయి. ఒక్కో చక్రంలో ఇవి రెండుంటాయి, లోపలి వైపు పెద్దది, బయటి వైపు చిన్నది. లోపలి బేరింగు వెనకాల రబ్బరు సీలు, బయట కోటబురుజులా గాట్లున్న నట్టు, నట్టు తిరగకుండా స్ప్లిట్ పిన్ను, దాని మీద రేకు మూత. మధ్యలో గ్రీసు. అంతే, ఇంకేం లేదు.

మా చిన్నప్పుడు ఎడ్లబండి ఇరుసుకి కందెన పెట్టేవాళ్ళు, ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి. సుమతీ శతకంలో కందెన లేని బండి పద్యం ఒకటుంది. అది కరణాల్ని మంచి చేసుకోవడం గురించని మా మేష్టారు చెప్పారు. నేను ఐదుతోనే బడి మానేశాను కాబట్టి దాన్ని ఇప్పటికీ ఇరుసు గురించే అనుకుంటాను.

సరే. ఆ ప్రమాదం అయ్యాక మూడో రోజు మావాడు నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. మాట్లాడలేదు. కాసేపటికి, "మావయ్యా, ఏడాదిలో మూడు సార్లు బేరింగులు వేశాను, అన్నీ దొంగ సరుకేమో" అన్నాడు. దొంగ సరుకు ఉంది, లేదనను. పెట్టె మీద పేరుంటుంది, రింగు మీద అక్షరాలు చెరిగినట్టు ఉంటాయి. కానీ మూడూ దొంగవి అయ్యుండవు. "ఊడిన చక్రం, పాత బేరింగులు, అన్నీ పట్రా, పారేయకు" అన్నాను. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. చెడిపోయిన బేరింగుని మెకానిక్కు షాపులో వదిలేసి కొత్తది వేయించుకుంటారు. చెడిపోయినదాన్ని చూస్తేనే కదండీ, ఎందుకు చెడిందో తెలిసేది.

గోనెసంచి పరిచి అన్నీ దాని మీద పెట్టాం. ముందు చక్రం పాత బేరింగు రింగు మీద రోలరుకీ రోలరుకీ ఎంత దూరమో అంత దూరంలో తుప్పు గీతలున్నాయి. అంటే లోపలికి నీళ్ళు వెళ్ళాయి, బండి ఆగి ఉన్నప్పుడు రోలరు ఆనిన చోటల్లా తుప్పు పట్టింది. ఇంకోదాని రింగు మీద చిన్న చిన్న నొక్కులు. అది సుత్తితో రోలర్ల మీద కొట్టి ఎక్కించినది, వేసిన రోజే సగం చచ్చిపోయింది. ఊడిన ట్రక్కు చక్రం బేరింగు మాత్రం నీలంగా కమిలిపోయింది. గ్రీసు ఎండి పిడకలా ఉంది. రోలర్లు పొడుం. లోపలి రింగు వేడికి రోలర్లతో సహా బిగుసుకుపోయి, చక్రంతో పాటు తిరగడం మొదలెట్టి నట్టుని కూడా తిప్పేసింది. ఎడమ చక్రం ముందుకి తిరుగుతుంటే, అది మర విప్పే వైపే తిరుగుతుంది. ఆపాల్సింది స్ప్లిట్ పిన్ను. ఆ పిన్ను బదులు అక్కడ ఎవరో మేకు వంచి పెట్టారు. ఎవరు పెట్టారో నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

మా ప్రాంతంలో చక్రానికి పెద్ద శత్రువు నీళ్ళు. దమ్ములో ముందు చక్రాలు హబ్బు దాకా బురదలో దిగుతాయి. చెరువు గట్ల దగ్గర అయితే ఉప్పు నీళ్ళు. పైగా ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు. రోడ్డు మీద లోడుతో పరుగెత్తుకొచ్చిన చక్రం హబ్బు వేడిగా ఉంటుంది, లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది. అలాగే తీసుకెళ్ళి చల్లటి నీళ్ళలో దింపితే ఆ గాలి ఒక్కసారి ముడుచుకుని, సీలు పక్కనుంచి బయటి నీళ్ళని లోపలికి పీల్చుకుంటుంది. వేడి గ్లాసు బోర్లించి నీళ్ళ పళ్ళెంలో పెట్టి చూడండి, నీళ్ళు లోపలికి ఎక్కుతాయి. అదే సంగతి. కాబట్టి నీళ్ళలో దిగే ముందు ఓ బీడీ కాల్చేంతసేపు కాదు, ఓ టీ తాగి కబుర్లు చెప్పుకునేంతసేపు బండి ఆపండి. నీళ్ళు వెళ్ళిన గ్రీసు మజ్జిగలా తెల్లబడుతుంది. మూత విప్పగానే తెలిసిపోతుంది. అలాంటి గ్రీసుని ఉంచకూడదు, మీద కొత్త గ్రీసు పూయకూడదు, మొత్తం తీసెయ్యాలి.

2022 జూలైలో గోదారి వచ్చి యానాం కాలనీలు మునిగినప్పుడు ఎన్నో బండ్లు రోజుల తరబడి నీళ్ళలో నిలబడిపోయాయి. నీళ్ళు తియ్యగానే అందరూ ఇంజను చూసుకున్నారు, నూనె మార్చారు, బ్యాటరీ చూశారు. చక్రం విప్పినవాళ్ళు తక్కువ. తరవాత బేరింగులు వరసగా పోతుంటే, ఇదేం ఖర్మరా అనుకున్నారు. వరదకీ దానికీ సంబంధం ఉందని ఎవరికీ తోచలేదు, అంత ఆలస్యంగా పోయాయి మరి.

నీళ్ళంటే వాటర్ సర్వీసింగు కూడా నీళ్ళే. బురద పోవాలని ప్రెషరు గన్ను సరిగ్గా హబ్బు వెనకాల సీలు మీదే పెట్టి కొడతారు. చెరువు చెయ్యని పని ఆ గన్ను చేస్తుంది. టైర్లకి కొట్టుకోండి, హబ్బుని గుడ్డతో తుడుచుకోండి.

ఆ ఆదివారం నేనూ వాడూ కలిసి నాలుగు చక్రాలూ విప్పాం, ట్రాక్టరువి రెండు, ట్రక్కువి రెండు. ఎలా చేశామో చెబుతాను, మీ ఊళ్ళో చేసుకునేవాళ్ళకి పనికొస్తుంది. అందరి బండ్లూ ఒకటి కావు, పాత జీపుకైతే గాట్ల నట్టు బదులు రెండు నట్లు, మధ్యలో వంచే వాషరు ఉంటాయి. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏముందో అది ముందు, నా మాట తరవాత.

బండిని గట్టి నేల మీద పెట్టాలి. మెత్తటి నేలయితే జాకీ కింద మందపాటి చెక్క వెయ్యాలి. మిగతా చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి. పైకి లేపాక ఒక్క జాకీని నమ్మకండి, కింద స్టాండుగానీ దుంగగానీ పెట్టాలి. ఇటుకలు పేర్చొద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది. లేపిన చక్రాన్ని పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపి చూడాలి. టకటకమని ఊగితే బేరింగు వదులో, అరుగుదలో. ట్రాక్టరు ముందు చక్రమైతే ఆ ఊపు కింగ్ పిన్నుది కూడా కావచ్చు. హబ్బు ఒక్కటే ఊగుతోందా, ఇరుసు కొస కూడా దాంతో పాటు ఊగుతోందా అని ఒకళ్ళు వంగి చూడాలి. తరవాత చేత్తో తిప్పి వినాలి. నేను నా పాత అలవాటు కొద్దీ స్క్రూడ్రైవరు మొన ఇరుసు మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. మావాడు ఈసారి నవ్వలేదు. వాడికీ ఇచ్చాను. మంచి చక్రం దగ్గర విన్నాడు, పాడైన చక్రం దగ్గర విన్నాడు, నా మొహం వంక చూశాడు.

విప్పినవాటిని కిరసనాయిలుతో కడిగాం. పాత గ్రీసు ఆనవాలు కూడా ఉండకూడదు. కడిగాక పూర్తిగా ఆరనివ్వాలి. గాలి కొట్టి బేరింగుని గిర్రున తిప్పి ఆరబెట్టే సరదా కుర్రాళ్ళకి ఉంటుంది, వద్దు. గ్రీసు లేకుండా తిరిగితే గీతలు పడతాయి, రోలరు ఊడి కంట్లో పడినా పడుతుంది. తుడవడానికి పీచు రాలని గుడ్డ వాడాలి. నేను నూలు మిల్లు వాణ్ణయ్యుండీ చెబుతున్నాను, కాటన్ వేస్టుని బేరింగు దగ్గరికి రానివ్వకండి. చేతులు తుడుచుకోండి దాంతో, అంతే.

రింగు మీద గీతగానీ నొక్కుగానీ పెచ్చుగానీ కనిపిస్తే బేరింగు మార్చాలి. మార్చితే హబ్బులో ఉన్న బయటి రింగుతో సహా మార్చాలి. పాత రింగులో కొత్త రోలర్లు వేసి డబ్బు మిగిల్చాననుకుంటారు, కొత్తది కూడా పోతుంది. రింగు కొట్టేటప్పుడు ఇత్తడి కడ్డీతో చుట్టూ కొంచెం కొంచెంగా దింపాలి, అడుగుకి ఆనినప్పుడు సుత్తి శబ్దం మారుతుంది. రోలర్లున్న భాగం మీద ఎప్పుడూ దెబ్బ వెయ్యకూడదు.

సీలు ప్రతిసారీ కొత్తదే. ఒకపూట డీజిలు ఖర్చులో పదో వంతు కూడా కాదు దాని ఖరీదు. మాకు దొరికిన ముందు చక్రంలో సీలు తిరగేసి కొట్టి ఉంది. సన్నటి స్ప్రింగు ఉన్న వైపు లోపలికి, గ్రీసు వైపుకి ఉండాలి. ఇంకోటి, ఇరుసు మీద సీలు పెదవి ఆనే చోట వేలు పెట్టి తడిమి చూడండి. బురద అరగదీసి అక్కడ గాడి పడి ఉంటే ఎంత కొత్త సీలైనా నీళ్ళు ఆపదు. మాది కొంచెమే అరిగింది, సన్నటి ఎమరీ కాగితంతో నున్నగా చేశాం. గాడి లోతుగా ఉంటే లేతు పనివాడికి చూపించాలి.

గ్రీసు. ఏదో ఒక గ్రీసు కాదు. పట్టీలకి పూసే నల్ల గ్రీసూ, చౌక ఛాసిస్ గ్రీసూ చక్రంలో పెట్టకూడదు. కాల్షియం రకం గ్రీసు దాదాపు వంద డిగ్రీల దగ్గరే కరిగి కారిపోతుంది. లిథియం రకం నూట ఎనభై దాకా కారదు. షాపులో ఏపీ త్రీ అని అడిగితే ఇచ్చేది ఈ లిథియం రకమే, డబ్బా మీద చదివి తీసుకోండి. రెండు రకాలు కలిపితే రెండూ పాడై, పలచబడి బయటికొచ్చేస్తాయి. అందుకే పాతది మొత్తం కడగమన్నది. గ్రీసుని అరచేతిలో ముద్దగా వేసుకుని, బేరింగు లావు వైపుని అరచేతికి నొక్కుతూ లాగాలి. రోలర్ల సందుల్లోంచి అవతలి వైపుకి గ్రీసు పొడుచుకొచ్చేదాకా, చుట్టూ తిప్పుతూ. మా ఆవిడ గడపలోంచి చూసి, "బొబ్బట్లు చేస్తున్నారా" అంది. హబ్బు మధ్య ఖాళీలో మాత్రం సగానికి మించి కూరొద్దు. నిండా పెడితే గ్రీసే గ్రీసుని పిసికి వేడి పుట్టిస్తుంది. గ్రీసు నిప్పులున్న హబ్బులకి గన్నుతో కొట్టీ కొట్టీ సీలునే బయటికి తోసేసేవాళ్ళున్నారు.

నట్టు బిగింపు దగ్గర నేనే వాడి చేతిలోంచి పానా లాక్కున్నాను. కుర్రాళ్ళ బలం అంతా అక్కడే చూపిస్తారు. టేపరు బేరింగుని బిర్రుగా బిగిస్తే నీలంగా కమిలిపోతుంది, వదిలేస్తే ఊగి ఊగి రోలర్లు రింగుని కొట్టేస్తాయి. చక్రాన్ని ఒక చేత్తో తిప్పుతూనే నట్టు బిగించాలి, తిరగడం బరువయ్యేదాకా. అప్పుడు రోలర్లు సర్దుకుని కూర్చుంటాయి. తరవాత నట్టుని వెనక్కి ఒక గాటు దాకా వదిలి, చక్రం తేలిగ్గా తిరుగుతోందా, ఊపితే ఊగకుండా ఉందా చూసుకుని, గాటూ కన్నం కలిసిన చోట కొత్త స్ప్లిట్ పిన్ను వేసి రెండు కాళ్ళూ విడదీసి వంచాలి. కొత్త పిన్ను, మేకు కాదు, పాత పిన్ను సాగదీసి వెయ్యడమూ కాదు. ఒకరోజు పని చేశాక మళ్ళీ ఒకసారి ఊపి చూడాలి, కొత్త రింగులు కొంచెం దిగుతాయి.

ఇక రోజూ చూసుకోవడానికి పానాలు కూడా అక్కర్లేదు. బండి ఆపి దిగగానే నాలుగు హబ్బుల మీదా చెయ్యి వెనక వైపు ఆనించడమే. మిల్లులో మేం మోటార్లకి చేసేదే ఇది. ముందు దగ్గర పెట్టి సెగ చూడాలి, తరవాత ముట్టుకోవాలి. అన్నీ ఒకేలా వెచ్చగా ఉంటే ఫరవాలేదు. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే దాన్ని విప్పాలి, రేపు కాదు. దమ్ము సీజను అయిపోగానే ముందు చక్రాలు, ఉప్పునీళ్ళ పని అయిపోగానే అన్నీ విప్పి చూడడం మా ఇంట్లో ఇప్పుడు రివాజు. ట్రక్కుని మాత్రం అందరూ మర్చిపోతారు. దానికి ఇంజను లేదు, చప్పుడు లేదు, సర్వీసు బుక్కు లేదు. బరువు మాత్రం అదే మోస్తుంది. మట్టి తోలేటప్పుడు గుట్టగా నింపితే ఆ అదనపు బరువంతా మోసేది ఆ చిన్న రోలర్లే. ఈ మాట మీద మావాడికీ నాకూ ఇంకా తగువు ఉంది, ఎందుకంటే ట్రిప్పు లెక్కన డబ్బులిచ్చేవాళ్ళు గుట్టగా నింపమనే అడుగుతారు. వాడు కాదనలేడు. సగం గుట్ట అని ఒప్పందానికి వచ్చాం.

ఆ అమ్మాయి దగ్గరికి నేను వెళ్ళాను. రెండు సార్లు వెళ్ళి ఏవో కబుర్లు చెప్పి వచ్చేశాను. మూడోసారి చెప్పాను, పొద్దున్న ఆ చక్రం మూలుగు విన్నానమ్మా, చెప్పలేదు అని. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరవాత, "మేమూ విన్నాం బాబాయ్. కూర్చున్నది ఆ చక్రం మీదే కదా. బండన్నాక మూలుగుతుందనుకున్నాం" అంది. ఎలాంటి మూలుగైతే దిగిపోవాలో చెప్పమంది. గర్రు గర్రుమని చుట్టుకోసారి హెచ్చు తగ్గుగా వస్తే, మలుపులో ఇంకా పెరిగితే, చక్రం దగ్గర కాలిన గ్రీసు వాసన వస్తే, రిమ్ము లోపలి వైపు గ్రీసు చిమ్మి ఉంటే దిగిపొమ్మన్నాను. పల్లు లాగినట్టు ఒక్కసారి కిర్రుమంటే అది బ్రేకో రేకో అయ్యుంటుంది, అంత భయం లేదన్నాను.

సార్వా నాట్లకి ఆమె మళ్ళీ పనికెళ్ళింది. మావాడి ట్రక్కే. పొద్దున్న మా ఇంటి ముందు ఆగినప్పుడు చూశాను, ఆమె కిందే నిలబడి ఎడమ చక్రం హబ్బు మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించింది. అప్పటికి బండి ఇంకా చల్లగానే ఉంటుంది, ఆ పూట చూసి లాభం లేదు, తిరిగొచ్చేటప్పుడు చూడాలి. ఆ మాట చెబుదామని గేటు దాకా వెళ్ళాను. ఈలోగా మావాడే సీటు మీదనుంచి వెనక్కి తిరిగి, "ఇప్పుడు కాదక్కా, సాయంత్రం చూడు" అని అరిచాడు.